రేనాటి మాన్యములు

రాయలసీమ యన్నంతనే మన మనస్సునకు మొదట తోచునది కఱవు. ఎండిన బావులు, నెఱ్ఱెలువాఱిన పొలములు, కడవ నెత్తిన బెట్టుకొని క్రోశెడు దూరము నడచు స్త్రీలు, ఇవియే కన్నుల గట్టును. కాని రాయలసీమ యను పేరు మిక్కిలి ప్రాతది గాదు. 1928వ సంవత్సరమున నంద్యాలలో జరిగిన సభయందు ఆ పేరు పెట్టబడినది. అంతకు పూర్వము నూఱేండ్లకు పైగా దీనిని దత్తమండలము లనుచుండిరి. 1800లో నిజాము ఆంగ్లేయుల కీ జిల్లాల నప్పగించుటచే నా పేరు వచ్చెను. ఈ రెండు పేళ్లకును వెనుక, ఇంచుమించు పదునాలుగు వందల యేండ్ల క్రిందటనే, కడప కర్నూలు ప్రాంతములలో కుందేరు పెన్నేరుల వెంబడి నున్న దేశమునకు రేనాడని పేరుండెను. ఈ మాసము మేము ముచ్చటింప దలచినది ఆ రేనాటిని గూర్చియు, ఆ సీమలో దేవాలయములకును మఠములకును రాజులిచ్చిన భూములను గూర్చియు.

భూముల లెక్కలు కరణముల పనికదా, మనకేల యని కొందఱు పుట త్రిప్పుదురేమో. కొంచె మాగవలయును. అట్టి భూముల పంటతో నొకచోట ఏడువందల యేండ్ల క్రిందట ప్రసూతిశాల నడచినది. ఆ సంగతి ముందు వచ్చును.

కడపజిల్లా యెఱ్ఱగుంట్లకు చేరువను కలమళ్ల యను గ్రామము గలదు. అచ్చటి దేవాలయపు ఆవరణలో నొక ఱాతిమీద ఎరికల్ ముత్తురాజు ధనంజయుడను రేనాటి చోడరాజు వేయించిన శాసన మున్నది. దాని కాలము క్రీస్తుశకము 575 ప్రాంతమని పండితులు నిర్ణయించిరి. సంస్కృత ప్రాకృతములను విడిచి తెలుగుమాటలలో చెక్కించిన శాసనములలో మనకు దొరకినవానిలో నిదియే మొదటిది. మనము ప్రతిదినమును మాటలాడు భాష మొట్టమొదట ఱాతి కెక్కినది గోదావరి తీరమున గాదు, కృష్ణా తీరమున గాదు. జొన్నసంగటి తిను ఈ మెట్టసీమలో. దీనిని సీమ యాడపడుచులు గర్వముతో చెప్పుకొనవచ్చును.

రేగడినేల గల నాడు గనుక రేనాడైనదని కొందఱు చెప్పుదురు. శాసనములలో రేనాడు ఏడువేలని కానవచ్చును. ఆ ఏడువేలు గ్రామముల సంఖ్య యని కొందఱును, ఆదాయపు లెక్క యని కొందఱును వాదింతురు. ఆ వాదము మనకు వలదు. రాజులు మాఱిరి, రాజ్యములు పోయెను. పేరు మాత్రము నిలిచెను. కోయిలకుంట్ల ప్రాంతమున నేటికిని ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని, 1866 నాటి కఱవులో ఆకొన్నవారికి అన్నము పెట్టిన బుడ్డా వెంగళరెడ్డిని కలిపి రేనాటి సూర్యచంద్రులని పాడుకొందురు.

ఇక మాన్యముల సంగతి. రాజు ఒక గ్రామమును మఠమున కిచ్చెనని శాసనములో చదివినప్పుడు, అచ్చటి కాపులను వెడలగొట్టి సన్న్యాసులు నాగళ్లు పట్టిరని తలపరాదు. పంటలో రెండు భాగములు. రాజునకు చెల్లవలసినది మేలువారము. దున్నినవానికి మిగులునది కుడివారము. రాజు దానమిచ్చునది సామాన్యముగా తన మేలువారమునే. అనగా నిన్నటివఱకు రాజుగారి కొఠారునకు పోవుచుండిన గింజలు నేటినుండి మఠపు కొఠారునకు పోవును. దున్నువాడు దున్నుచునే యుండును. కలుపు తీయునది తీయుచునే యుండును. వారి కళ్లములో తూర్పారబట్టిన రాశి ముందు కొలతకుంచముతో నిలుచు మనిషి మాత్రము మాఱును.

దానపత్రములలో అష్టభోగములను మాట యొకటి తఱచుగా వచ్చును. నిధి, నిక్షేపము, జలము, పాషాణము, అక్షీణి, ఆగామి, సిద్ధము, సాధ్యము అని యెనిమిది. భూమిలో దాగిన ధనము మొదలుకొని, ఇప్పుడున్న ఫలమును ముందు రాబోవు ఫలమును గూడ దానము పట్టినవారికే చెందునని భావము. వీనిలో మూడవది నీరు. తక్కిన సీమలలో నిది యెనిమిదింట నొకటి కావచ్చును గాని, రేనాటిలో తక్కిన యేడును దీనిమీదనే యాధారపడి యున్నవి.

శాసనముల చివర శాపములుండును. తా నిచ్చినదైనను, ఒరు లిచ్చినదైనను దానభూమిని హరించువాడు అఱువదివేల యేండ్లు పురుగై పుట్టునని భయపెట్టుదురు. ఇంత గట్టిగా తిట్టవలసి వచ్చినదన్నచో హరించువారు తక్కువగా నుండలేదని మా యూహ.

మఱి దున్నినవారి పేరులో? ఈ ప్రశ్న వేసికొనగా మాకు దూరదేశపు శాసన మొకటి జ్ఞప్తికి వచ్చినది. ఐరోపాఖండమున సెర్బుల రాజగు స్టెఫాన్ 1330లో దేచానీ మఠమునకు గ్రామములను దానమిచ్చుచు పత్రము వ్రాయించెను. అందు గ్రామముల పేళ్లే గాక, ఒక్కొక్క గ్రామమున కాపురమున్న ఇంటియజమానుల పేళ్లును, వారు మఠమునకు చేయవలసిన పనులును వరుసగా వ్రాయబడినవి. ఆ రైతులు మఠమునకు కట్టుబడినవారు గనుక నా పట్టిక యవసరమైనది. దయచేత వ్రాసినది గాదు. అయినను పేళ్లు నిలిచినవి. మన శాసనములలో ఎల్లలు చక్కగా నుండును: తూర్పున వాగు, దక్షిణమున పుట్ట, పడమట చింతచెట్టు, ఉత్తరమున గుండు. దాతపేరు, తాతపేరు, బిరుదులు బారెడు. ఆ వాగున కీవల కలుపు తీసినదాని పేరు వెదకిన దొరకదు. సెర్బుల పట్టికలోను స్త్రీల పేళ్లు మిక్కిలి యరుదు. ఈ విషయమున రెండు దేశములును సమానమే.

రేనాటిలో దానములు పొందినవారు ఒక్క మతమువారు గారు. జమ్మలమడుగు చేరువను పెన్న యొడ్డున దానవులపాడను చోట ఇసుకలో పూడిపోయిన జైనాలయ మొకటి బయటపడినది. శాంతినాథ తీర్థంకరుని స్నానమునకై రాష్ట్రకూటరాజగు నిత్యవర్షుడు, అనగా మూడవ యింద్రుడు, పదియవ శతాబ్దిలో అచ్చట నొక పానవట్టమును చేయించెను. నిరాహారులై ప్రాణములు విడిచిన జైనుల జ్ఞాపకశిలలు నచ్చట గలవు. జైనుల తరువాత శైవులు. కడపకు ఉత్తరమున పెన్న యొడ్డుననే యున్న పుష్పగిరిలో పదమూడవ శతాబ్దినాటికి గోళకీమఠపు శైవాచార్యులుండిరి. ఈ గోళకీమఠము పుట్టిల్లు నర్మదా ప్రాంతపు డాహళదేశము. అక్కడినుండి దాని శాఖలు త్రిపురాంతకము, శ్రీశైలము, పుష్పగిరి మొదలగు చోట్లకు వ్యాపించెను.

ఆ మఠముల యాదాయ మేమయ్యెడిదో తెలిసికొనుటకు చక్కని యాధారము మన సీమలో గాక, కృష్ణయొడ్డున మల్కాపురములో దొరకినది. అది 1261లో రుద్రమదేవి కాలమున వేయించిన శాసనము. గణపతిదేవుడు మాటయిచ్చిన మందడ గ్రామమును ఆయన కూతురు రుద్రమదేవి, వెలగపూడితో గూడ, గోళకీమఠాచార్యుడగు విశ్వేశ్వరశివునకు ధారపోసెను. ఆయన దానిని తన పొట్టకు వాడుకొనలేదు. ఆదాయములో నొక భాగము ప్రసూతిశాలకును, ఆరోగ్యశాలకును, సత్రమునకును కేటాయించెను. వేదములు చెప్పువారికి, వ్యాకరణ తర్క సాహిత్యములు చెప్పువారికి, వైద్యునకు, లెక్కలు వ్రాయు కాయస్థునకు, ఊరు కాచు భటులకు, ఆటకత్తెలకు, వంటవారికి, ఒక్కొక్కరి కింత భూమి యని కట్టడిచేసెను. బ్రాహ్మణుడు మొదలు చండాలునివఱకు సత్రమున కెవరు వచ్చినను అన్నము లేదనరాదని వ్రాయించెను.

ప్రసూతిశాల యను మాట చదివి మేము కొంతసే పాగిపోతిమి. శాసనములలో సాధారణముగా దీపములకు నూనె, నైవేద్యమునకు బియ్యము, పూజకు పువ్వులు కనబడును. పురుటి మంచముకొఱకు మాన్యము కానవచ్చుట యపురూపము. దాత స్త్రీ యగుటచేతనే యిది జరిగినదని శాసనమందు లేదు; కట్టడి చేసినవాడు ఆచార్యుడు. కాని అట్టి కట్టడికి రాజముద్ర వేసిన చేయి ఆడుదాని చేయి యనుట మాత్రము సత్యము. పుష్పగిరి మఠమునందు నట్టి శాల యుండెనని మేము చెప్పజాలము. ఒకే సంప్రదాయపు మఠము గనుక ఆ భూముల వలన నేమి సాధ్యమో దీనివలన తెలియుచున్నది.

అయితే మందడము కృష్ణయొడ్డు గ్రామము. అచ్చట పుట్టెడు భూమి యిచ్చిన పుట్లకొలది పంట. మన సీమలో సాలునకు సగటున 26 మొదలు 28 అంగుళముల వాన. అదియు నొక యేడు కురిసి యొక యేడు మొగము చాటువేయును. ఇట్టిచోట వట్టి భూమి యిచ్చిన దాత యేమి యిచ్చినట్లు? చెఱువు లేని మాన్యము చమురు లేని ప్రమిద. ఈ సంగతి ఆనాటివారికి మనకంటె బాగుగా తెలియును. అందులకు సాక్షి పోరుమామిళ్ల.

బద్వేలు ప్రాంతమున నున్న పోరుమామిళ్లలో భైరవాలయము నెదుట రెండు ఱాళ్లమీద సంస్కృతశాసన మొకటి గలదు. శాలివాహనశకము 1291, అనగా 1369 నాటిది. మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు, భవదూరుడని మఱియొక పేరు, ఉదయగిరినుండి యీ సీమ నేలుచు అనంతరాజసాగరమను చెఱువును కట్టించెను. దినమునకు వేయిమంది కూలీలు, ఱాళ్లు తోలుటకు నూఱు బండ్లు, రెండేండ్ల పని. రెండు కొండల నడుమ కట్ట వేసి వాగునీటిని నిలిపిరి.

ఈ శాసనములో మాకు నచ్చినది రాజుగారి కీర్తి గాదు. చెఱువు కట్టువానికి చెప్పిన బుద్ధులు. మంచి చెఱువునకు పండ్రెండు సాధనములు కావలయునట. ధర్మము తెలిసి ధనము గల రాజు, జలశాస్త్ర మెఱిగిన బ్రాహ్మణుడు, గట్టి బంకమన్ను నేల, మూడు యోజనముల దూరమునుండి వచ్చు తియ్యని నీటి యేఱు, దాని కానుకొన్న కొండ, మిక్కిలి పొడుగు గాక దిట్టమైన ఱాతికట్ట, వెడల్పును లోతును గల గర్భము, తిన్ననైన పొడుగు ఱాళ్లు దొరకు గని, చేరువను చదునైన సారవంతపు పొలములు, పని తెలిసిన కూలీల గుంపు, ఇట్టివి. వెంటనే ఆఱు దోషములు చెప్పినారు: కట్ట చెమ్మగిల్లి కాఱుట; చవుటినేల; ఇద్దఱు రాజుల పొలిమేరలో నుండుట; చెఱువు నడుమ తాబేటివీపువలె మిట్ట; నీరు కొంచెమై భూమి విస్తారమగుట; భూమి కొంచెమై నీరు విస్తారమగుట.

ఇంటిపని చేసినవారికి ఈ మాటలలోని వివేకము వెంటనే బోధపడును. గిన్నె పెద్దదై బియ్యము తక్కువైనను చెడును, బియ్యము పెచ్చై గిన్నె చిన్నదైనను చెడును. ఇద్దఱు రాజుల పొలిమేర యను దోషము మాత్రము మిక్కిలి లోతైనది. నీటి కొఱకు తగవు పడు రాష్ట్రములు నేటికిని గలవు. ఆఱువందల యేండ్ల క్రిందట ఒక ఱాయి ఆ మాట చెప్పియుంచినది. పండ్రెండు సాధనములలో కూలీలనుగూడ చేర్చుట గమనింపదగినది. రాజు మొదట, కూలీ చివర. కాని పట్టికలో నున్నారు. వేయిమందిలో మన్ను తట్టలు మోసిన స్త్రీ లెందఱో శాసనము చెప్పదు. చెఱువుపనులలో తట్ట మోయునది యెవరో సీమలో పుట్టినవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. పోరుమామిళ్ల చెఱువు నేటికిని నిలిచియున్నది.

కట్టుట యొక యెత్తు, కాపాడుట మఱియొక యెత్తు. కట్ట తెగక, తూము పూడక, ఏటేట మరమ్మతు జరుగుటకై కడప ప్రాంతమున దశబంధమను నేర్పాటు ప్రబలియుండెను. స్వంతధనముతో చెఱువుగాని బావిగాని త్రవ్వించినవానికి, లేదా దాని మరమ్మతుభారము వహించినవానికి, దాని క్రింది భూమిలో పదియవవంతు చొప్పున పన్ను లేక విడిచిపెట్టుదురు. మరమ్మతు మానినచో మాన్యమును పోవును. ఇది దానమువలె కనబడు జీతము. మా యభిప్రాయమున మఠమాన్యములన్నిటికంటె ఈ దశబంధమే సీమను బ్రతికించినది. దీనికి బిరుదావళులు లేవు గనుక చరిత్రపుస్తకములలో ఒక వాక్యముతో ముగింతురు.

ఇప్పుడు వైష్ణవుల మఠమునకు వత్తము. నల్లమల యడవిలోని అహోబిలము, 2022లో క్రొత్తగా నేర్పడిన నంద్యాలజిల్లాలో నున్నది. పదునాలుగవ శతాబ్ది చివర ఇచ్చట ఆదివన్ శఠకోపయతి మఠమును స్థాపించెను. తాళ్లపాక అన్నమాచార్యు లీయనయొద్దనే వేదాంతము చదివెనని ప్రసిద్ధి. 1515 డిసెంబరులో కృష్ణదేవరాయలు కళింగ దండయాత్రనడుమ అహోబిలమునకు వచ్చి కంఠహారమును, కడియములను, బంగారుపళ్లెమును, వేయి వరాహములను స్వామికి సమర్పించెను. రాణిగారు పతకము నిచ్చిరి. చాగలమఱ్ఱి సీమలోని మద్దూరను గ్రామమును దేవునకు ధారపోసిరి. హారము పెట్టెలో నుండును. మద్దూరు ఏటేట పండును. ఏది పెద్దదానమో యిల్లు నడపువారే చెప్పగలరు.

అయితే మాన్యమునకు ఱాతిశాసనము చాలదు. ఆ శాసనమును మన్నించు రాజు కావలయును. విజయనగరము 1565లో కూలిన తరువాత ఆ సంగతి తేటపడినది. 1579లో గోలకొండ ఇబ్రహీం కుతుబ్‌షా సేనాని మురహరిరావు అహోబిలమును పట్టి దేవాలయధనమును కొల్లగొట్టెను. హండె ప్రభువులు వారికి తోడై అయిదాఱేండ్లు ఆ క్షేత్రమును తమ చేతిలో నుంచుకొనిరి. ఇది మతముల పోరని కొందఱు తేలికగా చెప్పివేయుదురు. సేనాని బ్రాహ్మణుడు, తోడైన హండెవారు హిందువులు. పోరు సీమకొఱకు, సీమలోని కొఠారులకొఱకు. అప్పటి జియ్యరు పెనుగొండకు పోయి శ్రీరంగరాయలతో మొఱపెట్టుకొనగా, కొండరాజు వెంకటరాజు సేనతో వచ్చి హండెవారిని తఱిమి, 1584 ప్రాంతమున దేవాలయమును మరల నిలిపెను. అహోబిలములోని శాసనమే యీ వృత్తాంతమును చెప్పుచున్నది. ఆ యైదాఱేండ్లును మాన్యపు గ్రామములలో కాపులు ఎవరికి మేలువారము కొలిచిరో, ఇద్దఱికిని కొలిచిరో, ఆ శాసనమునకు పట్టలేదు.

తరువాతి రెండువందల యేండ్లు నవాబులవి, పాళెగాండ్రవి. 1800లో మన్రో దొర యీ జిల్లాలకు కలెక్టరై వచ్చి యేడేండ్లు గుఱ్ఱముమీద తిరిగి భూములు కొలిపించెను. అదే కాలమున మెకంజీ దొర తన తెలుగు సహాయకులగు కావలి సోదరులచేత ఊరూరి కైఫీయతులు సేకరింప నారంభించెను. ఏ దేవునకేమి మాన్యము, ఏ చెఱువు నెవరు కట్టిరి, ఏ కఱవులో నెవరు ఊరు విడిచిరి యని కరణములు వ్రాసియిచ్చిన ఆ కాగితములే నేడు రేనాటి గ్రామచరిత్రకు మూలధనము. 1858లో ఇనాముల కమిషనుపని మొదలిడెను. మాన్యమునకు పత్రము చూపుమనిరి. చూపలేనివారి గతి యేమగునో యూహింపవచ్చును. 1956 నాటి శాసనముచే గ్రామములలోని ఇనాములు రద్దై రైతువారి భూములైనవి.

ఈ నడుమ 1876 మొదలు 1878 వఱకు మహాక్షామము వచ్చెను. 1871 జనాభా లెక్కకును 1881 లెక్కకును నడుమ కర్నూలుజిల్లా జనసంఖ్యలో ఇంచుమించు నాలుగవవంతు తగ్గిపోయెను. పత్రములు గల మాన్యములును, పత్రములు లేని మాన్యములును నొక్కటే రీతిగా బీడుపడెను.

స్త్రీల పేళ్లు శాసనములలో బొత్తిగా లేవనరాదు. రుద్రమదేవి గలదు. శ్రీశైలమున పాతాళగంగకు దిగు మెట్లు కట్టించిన హరిహరరాయల రాణి విఠలాంబ గలదు. కాని ఱాతికెక్కని పేరొకటి ఈ సీమవారి నోట మఱింత గట్టిగా నిలిచియున్నది. పొరుగున అనంతపురముచెంత బుక్కరాయసముద్రము చెఱువునకు గండి పడినప్పుడు, ఊరు నిలుచుటకై బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మ తన్ను తాను బలియిచ్చుకొనెనని కథ. కట్టమంచి రామలింగారెడ్డిగారు దీనినే పందొమ్మిదవ శతాబ్ది చివర కావ్యముగా వ్రాసిరి. ఇది ఎంతవఱకు జరిగినదో ఎంతవఱకు కల్పనమో విచారించు పండితులు విచారింతురు గాక. చెఱువు కట్టించిన రాజు కీర్తి చదువుటకు పండితుడు కావలయును. ముసలమ్మకు కొబ్బరికాయ కొట్టుటకు ఆ యూరి స్త్రీలు నేటికిని కట్టమీదికి పోవుచున్నారు.